ఆవిడ ఉద్యోగానికి ఎక్స్‌పైరీ డేటు

అమెరికాలో తెలుగు సాఫ్ట్‌వేరు ఇళ్ళల్లో సంక్రాంతి, ఉగాది, దసరా కాకుండా ఇంకో పండగ ఉంది. మూడేళ్ళకోసారి వస్తుంది. పేరు ఎక్స్‌టెన్షన్. మామూలు పండగకి వారం ముందు ఇల్లు దులుపుతాం, దీనికి ఆర్నెల్ల ముందునుంచీ ఫైళ్ళు దులపాలి. పే స్టబ్బులు, డబ్ల్యూ-2లు, డిగ్రీ పట్టా, పెళ్ళి సర్టిఫికెట్టు, పాస్‌పోర్టులో ఖాళీ పేజీలతో సహా స్కాన్లు... అన్నీ లాయరుగారికి సమర్పించుకుని, రసీదు నంబరు రాగానే దాన్ని కంఠతా పట్టి, పొద్దునా సాయంత్రం స్టేటస్ చూసుకోవడమే పూజ. ప్రసాదం ఎప్పుడొస్తుందో మాత్రం ఏ పంచాంగంలోనూ ఉండదు.

ఈ పండగ గురించి మనం తెగ మాట్లాడుకుంటాం. లంచ్ టేబుల్ దగ్గరా, పిల్లల పుట్టినరోజు పార్టీల్లోనూ, గుళ్ళో ప్రసాదం లైనులోనూ. నా ఐ-140 ఏమైంది, నీ ప్రయారిటీ డేటు ఎంత, వాడికి ఆర్‌ఎఫ్‌ఈ వచ్చిందట... ఈ కబుర్లన్నీ హెచ్-1బి గురించే. నేను రాయదల్చుకున్నది దాని గురించి కాదు. అదే కవరులో మన కాగితాల అడుగున ఉండే ఇంకో దరఖాస్తు గురించి. హెచ్-4 మీద ఉన్నవాళ్ళ వర్కు పర్మిట్, అదే ఈఏడీ గురించి.

ఇండియాలో ఉండి చదివేవాళ్ళకోసం ముందు నాలుగు ముక్కలు. తెలిసినవాళ్ళు ఈ పేరా దాటేయొచ్చు. పాస్‌పోర్టులో అంటించే వీసా గుమ్మం దాటడానికి మాత్రమే. లోపలికొచ్చాక ఎన్నాళ్ళుండొచ్చో చెప్పేది ఐ-94 అనే రికార్డు. అందుకే వీసా గడువు అయిపోయినా ఐ-94 బతికుంటే ఇక్కడ నిక్షేపంలా ఉద్యోగం చేసుకోవచ్చు, దేశం దాటి మళ్ళీ రావాలంటేనే తంటా. హెచ్-1బి వాళ్ళకి ఆ హోదాలోనే, ఆ కంపెనీ వరకూ, పనిచేసే అనుమతి కలిసి ఉంటుంది. భార్యకో భర్తకో వచ్చే హెచ్-4లో అది ఉండదు. 2015 మే 26 దాకా అసలు వీల్లేదు. ఆ రోజునుంచి, మొగుడికో పెళ్ళానికో ఐ-140 అప్రూవ్ అయినా, లేదా గ్రీన్‌కార్డు ప్రాసెస్ వల్ల ఆరేళ్ళు దాటి పొడిగింపు దొరికినా, హెచ్-4 వాళ్ళు వేరే దరఖాస్తు పెట్టుకుని వర్కు పర్మిట్ తెచ్చుకోవచ్చు. మొదటి రెండుమూడేళ్ళలో ఈ కార్డులు తెచ్చుకున్నవాళ్ళలో నూటికి తొంభైమందికి పైగా ఆడవాళ్ళే, నూటికి తొంభైమందికి పైగా ఇండియాలో పుట్టినవాళ్ళే. వాళ్ళలో మనవాళ్ళెంతమందో లెక్క నా దగ్గర లేదు గానీ, డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఏదైనా తెలుగువాళ్ళ బతుకమ్మకి వెళ్ళి చూస్తే ఒక అంచనా వస్తుంది.

సరే, అసలు విషయానికొద్దాం.

మా ఆవిడ గుంటూరులో ఇంజినీరింగు చదివి, హైదరాబాదులో ఆరేళ్ళు ఉద్యోగం చేసి, పెళ్ళయ్యాక హెచ్-4 మీద ఇక్కడికొచ్చింది. నాలుగేళ్ళు ఇంట్లో కూర్చుంది. 2019లో మొదటి ఈఏడీ వచ్చింది, ఉద్యోగం వచ్చింది. డేటా ఇంజినీరు. నా హెచ్-1బి, ఆవిడ హెచ్-4, ఆవిడ ఈఏడీ మూడూ 2025 నవంబరు 30న అయిపోతాయి. ఎక్స్‌టెన్షన్‌కి ఆర్నెల్ల ముందు, ఈఏడీ రెన్యువల్‌కి 180 రోజుల ముందు దరఖాస్తు పెట్టుకోవచ్చు. అంతకన్నా ముందు తీసుకోరు. మేం జూన్ మొదటి వారంలోనే మూడూ పెట్టేశాం. నాది ప్రీమియం ప్రాసెసింగు. రెండు వారాల్లో అప్రూవల్ వచ్చేసింది, 2028 నవంబరు దాకా. స్వీట్లు పంచుకున్నాం కూడా.

ఆవిడది రాలేదు. ఆగస్టు, సెప్టెంబరు, దీపావళి, థాంక్స్‌గివింగ్... రాలేదు. నవంబరు మొదట్లో వాళ్ళ హెచ్‌ఆర్ నుంచి మెయిలు. ఐ-9 ఫారం రీవెరిఫికేషన్ అట, కొత్త కార్డు చూపించమని. చూపించడానికేముంది, ఎప్పుడో వచ్చిన రసీదు తప్ప? నెలాఖరు సాయంత్రం ఆవిడ లాప్‌టాప్ సైన్ అవుట్ చేసింది. మర్నాటికి బ్యాడ్జి పనిచెయ్యదు, మెయిలు తెరుచుకోదు. జీతం లేని సెలవు.

కార్డు ఫిబ్రవరి మధ్యలో వచ్చింది. పదకొండు వారాలు. ఈ పదకొండు వారాల్లో ఆవిడ చదువు మారలేదు, ఉద్యోగం మారలేదు, మొగుడు మారలేదు (పాపం!), ఇల్లు మారలేదు. చట్టం దృష్టిలో ఆవిడ ఏ తప్పూ చెయ్యలేదు. ఎక్కడో ఒక ఫైలు ఇంకో ఫైలు కింద ఉండిపోయింది, అంతే.

ఇంకో చిత్రం ఉంది. ఈఏడీ అప్రూవ్ అయిన రోజునుంచి మొదలై, హెచ్-4 అయిపోయే రోజుతో ముగుస్తుంది. అంటే వాళ్ళ ఆలస్యానికి పరిహారంగా కార్డు గడువు జరగదు. మూడేళ్ళ కార్డులో రెండున్నర నెలలు పోస్టులో చేతికి రాకముందే ఖర్చయిపోయాయి. మళ్ళీ 2028 జూన్‌లో ఇదే లైనులో నుంచోవాలి.

ఇదంతా చదివి "2025 అక్టోబరులో ఆటోమేటిక్ ఎక్స్‌టెన్షన్ తీసేశారు కదా, దాని వల్లే" అని మీరు అనొచ్చు. కాదు. మేం దాని కన్నా ముందే దరఖాస్తు పెట్టాం, మాకు పాత నియమమే వర్తిస్తుంది. అయినా ఉపయోగపడలేదు. ఎందుకో చెప్తాను, ఎందుకంటే మనలో చాలామందికి ఈ మెలిక తెలీదు.

ఈ కథ 2017తో మొదలవుతుంది. అంతకు ముందు ఈఏడీ దరఖాస్తుని 90 రోజుల్లో తేల్చాలని ప్రభుత్వం మీద నిబంధన ఉండేది. తేల్చలేకపోతే ఈలోగా పనిచేసుకోవడానికి తాత్కాలిక కార్డు ఇవ్వాలి. 2017 జనవరి 17 నుంచి ఆ నిబంధన ఎత్తేశారు. దానికి బదులుగా, కొన్ని కేటగిరీల వాళ్ళు టైముకి రెన్యువల్ పెట్టుకుంటే పాత కార్డు 180 రోజులు దానంతటదే పొడిగినట్టు లెక్క అన్నారు. బేరం బాగానే ఉంది కదా. కానీ ఆ కేటగిరీల జాబితాలో హెచ్-4 లేదు! అంటే మనవాళ్ళకి 90 రోజుల గడువూ పోయింది, దాని బదులు వచ్చిందీ దక్కలేదు. నాలుగేళ్ళ తర్వాత కొంతమంది కోర్టుకెళ్ళారు. షెర్గిల్ కేసు అంటారు దాన్ని. 2021 నవంబరులో సెటిల్‌మెంటు అయి, హెచ్-4 వాళ్ళకి కూడా ఆటోమేటిక్ పొడిగింపు ఇచ్చారు. 2022 మేలో ఆ 180 రోజుల్ని తాత్కాలికంగా 540 చేశారు. 2025 జనవరి 13 నుంచి దాన్నే శాశ్వతం చేశారు. ఆ శాశ్వతం తొమ్మిదిన్నర నెలలుంది. 2025 అక్టోబరు 30న, ఆ రోజునుంచి పెట్టే రెన్యువళ్ళకి ఆటోమేటిక్ పొడిగింపు లేదు అని కొత్త నియమం తెచ్చారు. తీసేసిన 90 రోజుల గడువు మాత్రం తిరిగి రాలేదు.

అంటే లెక్క చూడండి. ముందు గడువు తీసేసి దాని బదులు పొడిగింపు ఇచ్చారు. తర్వాత పొడిగింపూ తీసేశారు. మన భాషలో చెప్పాలంటే, పాత స్కూటరు ఎక్స్చేంజిలో తీసుకుని కొత్తది ఇచ్చి, కొన్నాళ్ళయ్యాక కొత్తది పట్టుకుపోయి, పాతది మాత్రం తిరిగివ్వలేదన్నమాట.

ఇక ఆ మెలిక. పొడిగింపు ఉన్న రోజుల్లో కూడా హెచ్-4 వాళ్ళకి ఒక షరతు ఉండేది: ఐ-94 బతికున్నంతవరకే. మామూలుగా మొగుడి హెచ్-1బి, పెళ్ళాం హెచ్-4, ఈఏడీ ఒకే రోజున అయిపోతాయి. ఐ-94 కూడా అదే రోజున అయిపోతుంది. అప్పుడు 540 రోజులు ఇచ్చినా 5,400 రోజులు ఇచ్చినా చేతికొచ్చేది సున్నా. దీన్ని దాటడానికి ఒక దారి ఉండేది. మొగుడి అప్రూవల్ రాగానే ఇద్దరూ దేశం దాటి, స్టాంపింగు చేయించుకుని తిరిగొస్తే, ఎయిర్‌పోర్టులో కొత్త గడువుతో ఐ-94 వస్తుంది. దానితో పాత కార్డుకి పొడిగింపు పనిచేసేది. 2025లో ఆ దారీ ముళ్ళకంపతో మూసేశారు. సెప్టెంబరు 2 నుంచి మన డ్రాప్‌బాక్సు పోయి అందరూ ఇంటర్వ్యూకి వెళ్ళాల్సొచ్చింది. అదే నెలలో, మీ సొంత దేశంలోనో నివాసమున్న దేశంలోనో మాత్రమే అప్లై చేసుకోండి అన్నారు, అంటే మెక్సికో, కెనడా ట్రిప్పులు బందు. డిసెంబరు 15 నుంచి హెచ్-1బి, హెచ్-4 వాళ్ళ సోషల్ మీడియా పరిశీలన మొదలుపెట్టి, ఇండియాలో డిసెంబరుకి స్లాట్లు దొరికినవాళ్ళని కూడా 2026 మార్చికీ ఆ తర్వాతకీ తోసేశారు. పెళ్ళికో, నాన్నగారి ఆపరేషనుకో వెళ్ళి, రెండు సూట్‌కేసులతో నెలల తరబడి అక్కడే ఉండిపోయినవాళ్ళు ఎంతమందో. కొంతమంది చిలుకూరు బాలాజీ గుళ్ళో పదకొండు ప్రదక్షిణలు చేశారు, నూటెనిమిది చెయ్యడానికి పిలుపు కోసం ఎదురుచూస్తూ కూర్చున్నారు.

దేశం దాటకుండా స్టాంపింగు కుదరదా అంటే, కుదురుతుంది. 2004 జూలై దాకా ఇక్కడినుంచే పోస్టులో పాస్‌పోర్టు పంపి వీసా రెన్యువల్ చేయించుకునేవాళ్ళు. వేలిముద్రలు తప్పనిసరి కావడంతో ఆపేశారు. మళ్ళీ 2024 జనవరి, ఫిబ్రవరిల్లో 20,000 మంది పరిమితితో ప్రయోగాత్మకంగా చేశారు. జనం సంతోషించారు, ప్రయోగం అయిపోయింది, అక్కడితో ఆగిపోయింది.

ఇప్పుడు నా అసలు వాదన. ఒకే ఇంట్లో, ఒకే కవరులో, ఒకే రోజున దరఖాస్తు పెట్టుకున్న ఇద్దరు మనుషుల్ని పక్కపక్కన పెట్టి చూడండి. మొగుడికి ప్రీమియం ఉంది, డబ్బు కడితే 15 పనిదినాల్లో జవాబు. పెళ్ళాం హెచ్-4కీ ఈఏడీకీ ప్రీమియం లేదు, కడతామన్నా తీసుకోరు. మొగుడి ఎక్స్‌టెన్షన్ టైముకి పెట్టి, అది తేలకపోయినా, పాత గడువు తర్వాత 240 రోజుల దాకా అదే కంపెనీలో పనిచేసుకోవచ్చు. పెళ్ళానికి ఒక్క రోజు కూడా లేదు. 2023 జనవరిలో ఎడకున్ని కేసు సెటిల్‌మెంటు వల్ల కొన్నాళ్ళు ఇద్దరి ఫైళ్ళూ కలిపి చూశారు, మొగుడి ప్రీమియంతో పాటు ఇవీ బయటికొచ్చేవి. ఆ ఒప్పందం 2025 జనవరి 18తో ముగిసింది. మొగుడి ఫైలు రెండు వారాలకీ, పెళ్ళాం ఫైలు ఎప్పుడో తెలీనట్టూ మళ్ళీ విడిపోయాయి.

ఇంకా విడ్డూరం ఏమిటంటే, ఎల్-1 మీద వచ్చినవాళ్ళ భార్యాభర్తలకి 2021 నవంబరు నుంచి ఈ గొడవే లేదు. నేనిందాక చెప్పిన షెర్గిల్ సెటిల్‌మెంటులోనే, ఎల్-2 హోదాలోనే పనిచేసే హక్కు ఉందని ఒప్పుకున్నారు. వాళ్ళ ఐ-94 చూపిస్తే చాలు. ఒకే కంపెనీ, ఒకే ఫ్లోరు, పక్కపక్క క్యూబులు. ఒకాయన ఎల్-1, ఒకాయన హెచ్-1బి. ఒకావిడ ఉద్యోగం సాఫీగా సాగుతుంది, ఇంకో ఆవిడ లాప్‌టాప్ సైన్ అవుట్ చేసి కూర్చుంటుంది. దీనికి భద్రత కారణమంటే నాకు మింగుడు పడదు.

ప్రభుత్వం చెప్పే కారణం కొట్టిపారెయ్యదగ్గది కాదు, అది కూడా ఒప్పుకోవాలి. పూర్తిగా పరిశీలించకుండా ఎవరికీ పనిచేసే అనుమతి దానంతటదే పొడిగించకూడదు అంటున్నారు. వాళ్ళ దేశం, వాళ్ళ ఇష్టం, పరిశీలించుకోనివ్వండి. కానీ పరిశీలనకి పట్టే టైము ఎవరి చేతిలో ఉంది? దరఖాస్తుదారు 180 రోజుల కన్నా ముందు పెట్టడానికి వీల్లేదు, అది నియమం. ఆ 180 రోజుల్లో తేల్చాలని ప్రభుత్వం మీద మాత్రం ఏ నియమమూ లేదు. మన ప్రొడక్షన్ సపోర్టు భాషలో చెప్తే, టికెట్ వేసినవాడికి డెడ్‌లైను ఉంది, టికెట్ తీసుకున్నవాడికి ఎస్‌ఎల్‌ఏ లేదు. ఇలాంటి ఒప్పందం మీద మనలో ఎవరైనా సంతకం పెడతామా?

రెండో అభ్యంతరం ఇక్కడి ఉద్యోగులది. హెచ్-4 వాళ్ళకి పని ఇవ్వడమే చట్టవిరుద్ధమని సేవ్ జాబ్స్ యూఎస్‌ఏ అనే సంస్థ 2015లోనే కేసు వేసింది. వాళ్ళు సదరన్ కాలిఫోర్నియా ఎడిసన్‌లో ఐటీ ఉద్యోగాలు పోయినవాళ్ళు, తమ స్థానంలో హెచ్-1బి వాళ్ళని పెట్టారన్నది వాళ్ళ బాధ. ఆ బాధ అబద్ధం కాదు. నలభైల్లో ఉద్యోగం పోతే ఎలా ఉంటుందో 2001లోనూ 2008లోనూ మనవాళ్ళూ చూశారు. కానీ కోర్టులు ఆ కేసుని ఒప్పుకోలేదు. 2024లో అప్పీలు కోర్టు కొట్టేసింది, 2025 అక్టోబరులో సుప్రీం కోర్టు వినడానికి నిరాకరించింది. అనుమతి ఉండాలా వద్దా అన్న చర్చ ఒకటి, ఇచ్చిన అనుమతిని పదకొండు వారాలపాటు ఆపి మళ్ళీ ఇవ్వడం ఇంకొకటి. ఆ పదకొండు వారాల్లో మా ఆవిడ కుర్చీలో ఏ అమెరికన్‌కీ ఉద్యోగం రాలేదు. ఉన్న టీములో ముగ్గురు ఆవిడ పని పంచుకుని శనివారాలు కూడా పనిచేశారు. వాళ్ళలో ఇద్దరు అమెరికన్లే.

మూడోది మన ఊళ్ళనుంచే వస్తుంది. "అంత కష్టమైతే వచ్చేయొచ్చుగా, హైదరాబాదులో ఉద్యోగాలు లేవా?" ఉన్నాయి. వెళ్ళినవాళ్ళంటే నాకు గౌరవం, మేమూ ఏడాదికి రెండుసార్లు ఆ మాట అనుకుంటాం. కానీ తలుపు తీసి ఉంది కదా అని గదిలో పొగ పెట్టడం న్యాయమైపోదు. పైగా ఈ లైను ఇంత పొడుగవడానికి కారణం వేరే ఉంది. ఏడాదికి ఉద్యోగాల కోటాలో ఉన్న గ్రీన్‌కార్డులు 1,40,000, ఒక్కో దేశానికి 7 శాతం పరిమితి. ఇండియాలో పుట్టినవాళ్ళకి ఈబీ-2లో 2025 చివరికి కూడా 2013 నాటి దరఖాస్తులే నడుస్తున్నాయి. ఇదే వేరే చిన్న దేశంలో పుట్టి ఉంటే హెచ్-4 ఈఏడీ అనేది ఒకసారో రెండుసార్లో వచ్చే తలనొప్పి. మనకది మూడేళ్ళకోసారి వచ్చే జ్వరం.

ఇంతవరకూ ప్రభుత్వాన్ని తిట్టాం, బావుంది. ఇప్పుడు కాస్త మన ఇళ్ళల్లోకి చూసుకుందాం.

ఆ పదకొండు వారాల్లో మా ఇంటికి ఫోన్ చేసినవాళ్ళు, ఇంటికొచ్చినవాళ్ళు అన్న మాటలు ఇవి. అత్తగారు: "పోన్లేమ్మా, కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకో, పిల్లాడికి వేళకింత వండిపెట్టొచ్చు." ఒక స్నేహితుడు: "నీ జీతం ఉందిగా బాసూ, టెన్షనెందుకు?" ఇంకొకాయన: "మా ఆవిడ అయితే హాయిగా సీరియల్స్ చూసుకుంది." అందరూ మంచివాళ్ళే, మంచి మనసుతో అన్నవే. కానీ ఒక్కరైనా ఆవిడని "నీ ప్రాజెక్టు ఏమైంది?" అని అడగలేదు. అదే నా హెచ్-1బి ఆగి నేను ఇంట్లో కూర్చుంటే? పరామర్శకి జనం వచ్చేవాళ్ళు. ఎవరూ విశ్రాంతి తీసుకోమనేవాళ్ళు కాదు.

పోయింది జీతం మాత్రమే కాదు. డేకేర్ సంగతి చూడండి. మానిపిస్తే సీటు పోతుంది, మళ్ళీ వెయిటింగ్ లిస్టు. అందుకని జీతం రాని నెలల్లో కూడా ఫీజు కట్టాం. ఆవిడ మొదలుపెట్టిన మైగ్రేషన్ ఇంకొకరి పేరుమీద పూర్తయింది. సంవత్సరాంతం రేటింగులు ఆవిడ లేనప్పుడు జరిగాయి. వాళ్ళ మేనేజరు మర్యాదస్తుడు, ఉద్యోగం అట్టేపెట్టాడు. కానీ వచ్చే మూడేళ్ళలో కీలకమైన పని అప్పగించేటప్పుడు, మధ్యలో మాయమయ్యే అవకాశం ఉన్న మనిషికి ఇవ్వాలా అని అతను ఒక్క క్షణం ఆలోచించడని ఎలా చెప్పగలం? రెజ్యూమెలో నాలుగేళ్ళ ఖాళీని పూడ్చుకోవడానికి ఆవిడకి ఐదేళ్ళు పట్టింది. మళ్ళీ ఇంకో చిన్న ఖాళీ. ఎవరో ఒకరు అడుగుతారు, ప్రతిసారీ ఇమ్మిగ్రేషన్ పాఠం చెప్పుకోవాలి.

మన ఇళ్ళల్లో ఆవిడ జీతాన్ని "ఎక్స్‌ట్రా" అనే అలవాటు ఉంది. ఇల్లు కొనేటప్పుడు మాత్రం ఆ ఎక్స్‌ట్రా లోన్ అప్లికేషన్‌లో ముందుంటుంది :) లాయరుతో కాల్ అంటే మొగుడొక్కడే చేరతాడు. కంపెనీ లాయరు పని కంపెనీ ఉద్యోగి కేసు, భార్య ఫైలు చాలాసార్లు మన ఖర్చే, అందుకని అది ఆఖర్న కదులుతుంది. ప్రభుత్వం ఆవిడ ఫైలుని రెండో వరసలో పెట్టిందని కోపం తెచ్చుకునే హక్కు మనకి రావాలంటే, ముందు మనం దాన్ని మన వరసలో రెండోది చెయ్యకుండా ఉండాలి.

అందుకని చేతనైనవి కొన్ని చెప్తాను. నేను లాయరుని కాను, మీ కేసు మీ లాయరునే అడగండి.

ఒకటి, 180వ రోజు ఎప్పుడొస్తుందో క్యాలెండరులో పెట్టుకుని, దానికి రెండు నెలల ముందే లాయరుకి రాతపూర్వకంగా చెప్పండి: హెచ్-4, ఈఏడీ ఫైళ్ళు నా ఫైలుతో పాటే, అదే రోజున వెళ్ళాలి అని. రెండు, ఇండియానుంచి తిరిగొచ్చిన ప్రతిసారీ ఇద్దరి ఐ-94లూ డౌన్‌లోడ్ చేసి చూసుకోండి. పాస్‌పోర్టు గడువు దగ్గర్లో ఉంటే ఎయిర్‌పోర్టులో ఐ-94ని ఆ తేదీ దాకానే ఇస్తారు, అప్రూవల్ నోటీసులో ఇంకా ఏడాది ఉన్నా సరే. చాలామంది నోటీసు చూసి నిశ్చింతగా ఉంటారు, పాస్‌పోర్టు ముందుగా రెన్యువల్ చేసుకుంటే ఈ గొడవే రాదు. మూడు, కార్డు అయిపోయే రెండు నెలల ముందే హెచ్‌ఆర్‌తో మాట్లాడి, సెలవా, ఇన్సూరెన్సు ఎలా, తిరిగొచ్చాక అదే పనా అన్నది రాతలో తీసుకోండి. నాలుగు, కార్డు అయిపోయాక ఒక్క మెయిలుకి కూడా జవాబివ్వొద్దు. "జీతం తీసుకోవట్లేదు కదా, కాస్త సాయం చేస్తున్నా" అన్నది పనికిరాదు, అనుమతి లేని పని కింద జమకట్టే ప్రమాదం ఉంది, రేపు గ్రీన్‌కార్డు దగ్గర అడ్డం తిరుగుతుంది. ఐదు, తీవ్రమైన ఆర్థిక నష్టం ఉంటే ఎక్స్‌పెడైట్ అడగొచ్చు, మీ నియోజకవర్గం కాంగ్రెస్ సభ్యుల ఆఫీసుకి రాయొచ్చు. పని జరుగుతుందని హామీ లేదు, ఖర్చు మాత్రం లేదు. ఓటు లేకపోయినా ఉత్తరం తీసుకుంటారు.

ఇవన్నీ గొడుగులు. వాన ఆగాలంటే అడగాల్సినవి మూడే ఉన్నాయి. 90 రోజుల గడువు తిరిగి పెట్టండి. కుదరకపోతే హెచ్-4కీ ఈఏడీకీ ప్రీమియం పెట్టండి, డబ్బు కడతాం. అదీ కుదరకపోతే మొగుడికిచ్చిన 240 రోజులే ఆవిడకీ ఇవ్వండి. ఏదీ కొత్త హక్కు కాదు. ఒకటి నిన్నటిదాకా ఉన్నది, ఒకటి మొగుడి ఫైలుకి ఇప్పటికే ఉన్నది, ఒకటి మొగుడికి ఇస్తున్నది. కొత్త నియమాల మీద ప్రజాభిప్రాయం అడిగినప్పుడు ఎవరైనా రాయొచ్చు, వీసా మీద ఉన్నవాళ్ళు కూడా. మన తెలుగు సంఘాల మహాసభల్లో హీరోయిన్ డాన్సుకి ముందు ఒక్క గంట దీనికిస్తే, వెయ్యి ఉత్తరాలు అక్కడే రాయించొచ్చు. కోర్టుకెళ్ళి షెర్గిల్, ఎడకున్ని కేసులు సాధించినవాళ్ళు కూడా వీసాల మీద ఉన్నవాళ్ళే, మనలాంటివాళ్ళే.

ఏతావాతా నేను చెప్పేదేమిటంటే, ఒక మనిషి రేపు పనికి వెళ్ళొచ్చో లేదో ఆ మనిషి చేసిన పనిని బట్టి ఉండాలి గానీ, ఆవిడ ఫైలు ఏ దొంతరలో ఉందో దాన్ని బట్టి కాదు. ఈసారి ఎక్స్‌టెన్షన్ కబుర్లొచ్చినప్పుడు "నీది అయిందా?" అని అడిగి ఊరుకోకండి. "ఆవిడది అయిందా?" అని కూడా అడగండి. వీలైతే ఆవిడనే అడగండి.